మూడో పసుపు బంతి దగ్గర

రెమెయి అత్త నన్ను ఈత నేర్పమని అడిగిన రోజున వేళాకోళం ఆడుతోందనే అనుకున్నాను.

జూన్ మొదటి వారం. సాయంత్రం ఏడయింది. కాపలా కుర్చీ మీద నుంచి దిగి, ఈల మెడలోంచి తీసి, స్తంభం మీది ఆకుపచ్చ జెండా దించుతున్నాను. కలమోల్ బీచ్‌లో ఈతగాళ్లకు కాపలా కాయడం నాకది ఐదో ఎండాకాలం. చేపల వేలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, రెమెయి అత్త రబ్బరు బూట్లతో ఇసుకలో కాళ్లు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ముంజేతుల మీద పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి.

"ఇవెట్, ఈత నేర్పుతావా?"

"ఎవరికత్తా? మీ మనవరాలికా?"

"నీ కళ్లకేమైందే? అది నాలుగేళ్లకే నేర్చేసుకుంది. నాకు!"

ఆవిడకు అరవై ఆరేళ్లు. పుట్టిందీ మెట్టిందీ సముద్రానికి వంద అడుగుల దూరంలోనే. తండ్రి, మామ, మొగుడు అందరూ పడవల మీద బతికినవాళ్లే. అయినా ఆవిడ నీళ్లలోకి దిగితే మోకాళ్ల దాకా దిగేది, అది కూడా బుట్టలు కడుక్కోవడానికి. మా ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లంతా అంతే.

"మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఈత కొట్టమన్నాడు," అంది. "పట్నంలో ఈతకొలను ఉందట, వెళ్లమన్నాడు. ఆ మందు కలిపిన నీళ్లలో నానబెట్టడానికి నేనేమైనా దుప్పటినా? ఇంటి ముందు ఇంత సముద్రం పెట్టుకుని!"

"మంచిదే అత్తా. సోమవారం రా."

"వస్తా. కానీ ఎవరికీ తెలియకూడదు." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ముఖ్యంగా ఆవిడకి."

ఆవిడ అంటే ఎవరో మా ఊళ్లో ఎవరినీ అడగక్కర్లేదు. ఆవిడ సింతా అత్త. బజారులో వాళ్లిద్దరి చేపల కొట్లు ఎదురెదురుగా ఉంటాయి. ముప్పై ఏళ్ల కిందట బజారు కొత్తగా కట్టినప్పుడు కొట్లకు చీటీలు తీశారు. గుమ్మం పక్కనున్న మంచి కొట్టు సింతా అత్తకు వచ్చింది. చీటీల్లో ఏదో జరిగిందని రెమెయి అత్త నోరు జారింది. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా నేరుగా మాటల్లేవు.

నేరుగా లేవన్నానే గానీ, మాటలకు కొదవేం లేదు. కొనడానికి వచ్చినవాళ్ల ద్వారా మాట్లాడుకునేవారు.

"అమ్మా, ఎదురు కొట్టావిడకి చెప్పండి. ఆవిడ రొయ్యలకి ఫాదర్ వచ్చి ప్రార్థన కూడా చేసి వెళ్లిపోయాడట, ఇంకా అమ్ముతోందేమిటి అని."

"బాబూ, ఆ పక్కావిడకి చెప్పండి. నా రొయ్యలు చచ్చి కూడా ఆవిడకంటే చురుగ్గానే ఉన్నాయని."

మధ్యలో నిలబడ్డవాళ్లు కవళ్ల చేపలు కొనుక్కోవడానికి వచ్చి నవ్వు ఉచితంగా పట్టుకెళ్లేవారు. పక్క ఊళ్ల నుంచి కూడా జనం మా బజారుకే రావడానికి సగం కారణం ఈ ఇద్దరేనని మా అమ్మ అంటుంది.

సోమవారం పడవలు వేటకు వెళ్లవు, కొట్లుండవు. బీచ్ ఖాళీ అయ్యాక రెమెయి అత్త నల్లటి ఈత దుస్తుల్లో, పైన మొగుడి చొక్కా వేసుకుని వచ్చింది. నడుం లోతుకు వెళ్లేసరికి నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే, మర్నాడు అక్కడ నాలుగు వేళ్ల ముద్రలు నీలంగా మిగిలాయి.

"అత్తా, ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి వదులు."

"ముఖమా? దేనికి?"

"ఈతకి."

"యాభై ఏళ్లుగా ఈ సముద్రంలోంచి వచ్చిన ప్రతి ముఖాన్నీ చూశాను. ఇది నా ముఖం చూస్తే ఏమనుకుంటుందో!" అని నవ్వి, కళ్లు గట్టిగా మూసుకుని ముంచింది. బుడబుడమని బుడగలొచ్చాయి. తల పైకెత్తి దగ్గుతూ, జుట్టంతా కళ్లలో పడి, "మళ్లీ!" అంది.

రెండో సోమవారం వెల్లకిలా తేలడం. వీపు కింద నా అరచేతులు పెట్టాను. మొదట కొయ్యలా బిగుసుకుపోయింది. ఆకాశం చూడమన్నాను, చెవులు నీళ్లలో మునగనివ్వమన్నాను. కాసేపటికి భుజాలు వదులయ్యాయి. మెల్లగా ఒక చెయ్యి తీశాను, తర్వాత రెండోది. ఆవిడకు తెలియలేదు.

"ఇవెట్, చేతులు తియ్యకు సుమా."

"తీసి చాలాసేపయింది అత్తా."

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. కానీ మునగలేదు. "మోస్తోందే... నన్ను మోస్తోంది!" అని అరిచింది. ఒడ్డున కుక్కను తిప్పుతున్నాయన కూడా ఆగి చూశాడు.

అక్కడి నుంచి ఆవిడను ఆపడం నా వల్ల కాలేదు. సోమవారం చాలదని బుధవారం, బుధవారం చాలదని రోజూ. జులై మధ్యకి వంద మీటర్లు ఈదింది, ఆగస్టు మొదటికి మూడు వందలు. వేగం లేదు, అందం లేదు, కానీ ఆగదు. నేను మాత్రం ప్రతిరోజూ అవే నాలుగు ముక్కలు చెప్పేదాన్ని. నీళ్ల మీద తేలే ఆ పసుపు బంతుల వరస దాటకు, దాని అవతల పడవలు తిరుగుతాయి. దిగేముందు జెండా చూడు. గాలి నింపిన ఈ నారింజ బుడగను తాడుతో నడుముకు కట్టుకోకుండా దిగకు. కాలు పట్టేస్తే సముద్రంతో కుస్తీ పట్టకు, వెల్లకిలా తిరిగి బుడగ పట్టుకో.

"నీకంటే మా అత్తగారే నయం, ఒక్కసారి చెప్పి ఊరుకునేది," అని విసుక్కునేది.

ఆగస్టులో మా ఊరి పండగ. పండగ నాడు పొద్దున ఈత పందెం ఉంటుంది. ఒడ్డు నుంచి మొదటి పసుపు బంతి దాకా వెళ్లి, ఆ వరస వెంబడే నాలుగో బంతి దాకా ఈది, అక్కడి నుంచి ఒడ్డుకు తిరిగి రావాలి. మొత్తం ఐదు వందల మీటర్లు. ఎనిమిదేళ్లు నిండిన వాళ్లెవరైనా పాల్గొనవచ్చు.

"పేరు ఇచ్చేశా," అంది రెమెయి అత్త ఒక సాయంత్రం తువ్వాలుతో తల తుడుచుకుంటూ. "అరవై ఐదు దాటిన ఆడవాళ్లకి వేరే బహుమతి ఉందట. పోటీకి ఎవరొస్తారు? వెళ్లడం, తెచ్చుకోవడం."

"అయితే అందరికీ తెలిసిపోతుందిగా."

"తెలియనీ! గెలిచి తెలిస్తే వేరు." ఆవిడ కళ్లు మెరిశాయి. "మర్నాడు ఆ కప్పు తీసుకెళ్లి కొట్లో ఐసు మీద, చేపల మధ్యన పెడతాను. ఎదురుగా ఉన్నవాళ్లు రోజంతా చూస్తారు."

పండగ నాడు నాకు నాలుగింటికే మెలకువ వచ్చేసింది. రాత్రి గాలి తిరిగింది. తెల్లారేసరికి కెరటాలు పొట్టిగా, చికాకుగా కొట్టుకుంటున్నాయి. ఆరింటికి పసుపు జెండా ఎగరేశాను. అది ఉన్నంతసేపూ పందెం లేదు. ఏడింటికల్లా జనం చేరారు. ఎనిమిదికి నీళ్లలో దిగి చూశాను, లోపలి లాగుడు ఇంకా ఉంది. తొమ్మిదింటికి నూట పన్నెండు మంది ఈతగాళ్లు టోపీలు పెట్టుకుని ఇసుకలో కూర్చుని నా చేతుల వంకే చూస్తున్నారు. వాళ్లందరి వెనక వాళ్ల అమ్మలు, నాన్నలు, పిల్లలు, కుక్కలు. బ్యాండు వాళ్లు కూడా వాయించడం మానేశారు.

తొమ్మిదిన్నరకు మళ్లీ మూడో బంతి దాకా ఈది వచ్చాను. లాగుడు లేదు. పైన చిన్న అలలే. మధ్యాహ్నపు గాలి మొదలవడానికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది. పసుపు జెండా దించి ఆకుపచ్చది ఎక్కించాను. బీచ్ మొత్తం ఒక్కసారిగా హోరెత్తింది. బ్యాండు మొదలైంది.

వయసును బట్టి టోపీల రంగులు. అరవై ఐదు దాటిన ఆడవాళ్లకు గులాబీ రంగు. రెమెయి అత్త తన గులాబీ టోపీ చెవుల దాకా లాక్కుని, బుడగ నడుముకు కట్టుకుని, గర్వంగా గీత దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పుడే జనంలోంచి దారి చేసుకుంటూ ఇంకో గులాబీ టోపీ వచ్చింది.

టోపీ కింద సింతా అత్త.

రెమెయి అత్త ముఖం చూస్తే, వేలంలో చేయి జారిన పెద్ద చేపను చూసినట్టుంది. తర్వాత తెలిసింది. కొండ అవతల, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న కోవలో తెడ్డు పడవలు అద్దెకిచ్చే ఉలెగేర్ మే నెల నుంచే ఆవిడకు ఈత నేర్పుతున్నాడు. ఆవిడ కూడా ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. ముఖ్యంగా "ఆవిడకి".

రెమెయి అత్త నా వైపు తిరిగింది. "ఇవెట్, ఎవరో దారి తప్పి వచ్చినట్టున్నారు. బజారు అటువైపు అని చెప్పు."

సింతా అత్త కూడా నా వైపే తిరిగింది. "ఇవెట్, ఒకసారి అడుగు. ఆవిడ ఈదడానికి వచ్చిందా, లోపలున్న చేపలకి ధర కట్టడానికి వచ్చిందా అని."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. పందెం వదిలేశారు, వాళ్లకు ఈ రెండు టోపీలే పందెం. నా కాపలా బోర్డు తీసుకుని, నవ్వు ఆపుకుంటూ నీళ్లలోకి దిగాను. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తోసుకుంటూ వెళ్లే పొడవాటి బోర్డు అది. నా చోటు మూడో బంతి దగ్గర.

శంఖం ఊదారు. నూట పన్నెండు మంది ఒకేసారి నీళ్లలో పడితే సముద్రం ఉడికినట్టయింది. కుర్రకారు ఎనిమిది నిమిషాల్లో తిరిగి ఒడ్డు చేరిపోయింది. నడివయసువాళ్లు వెళ్లారు, పిల్లలు వెళ్లారు. చివరికి నీళ్లలో రెండు గులాబీ చుక్కలు మిగిలాయి. ముందు రెమెయి అత్త, రెండు బారల వెనక సింతా అత్త. ఒడ్డున జనం సగం మంది ఒకరి పేరు, సగం మంది ఇంకొకరి పేరు అరుస్తున్నారు.

రెమెయి అత్త రెండో బంతి దాటింది. ఆవిడ ఊపిరి శబ్దం నాకు వినిపిస్తోంది. నన్ను చూసి నవ్వింది కూడా. మూడో బంతికి పది బారల దూరంలో ఉండగా ఆ నవ్వు ఆగిపోయింది. చెయ్యి నీళ్లను కొట్టింది, తల మునిగింది, పైకి వచ్చింది, మళ్లీ మునిగింది.

కాలు పట్టేసింది. నేను చెప్పిన నాలుగు ముక్కల్లో ఒక్కటీ ఆవిడకు గుర్తు లేదు. బోర్డు తిప్పి బలమంతా పెట్టి తోశాను. కానీ నేను ఇరవై మీటర్ల దూరంలో ఉన్నాను, సింతా అత్త మూడు మీటర్ల దూరంలో ఉంది.

అక్కడ చేపలు కొనేవాళ్లెవరూ లేరు. మధ్యలో మాట అందించేవాళ్లు లేరు.

"ఒసే రెమెయీ!" అని సింతా అత్త గొంతు చించుకుంది. "బుడగ పట్టుకోవే! నీ వెనకే ఉంది, తోకలాగ!"

రెమెయి అత్త గుడ్లు తేలేసి చూసింది. చెయ్యి వెనక్కి పోయి తాడు తగిలింది. బుడగను లాక్కుని గుండెకు హత్తుకుంది.

"ఇప్పుడు వెల్లకిలా తిరుగు. నన్ను చూడకు, నా ముఖంలో ఏముంది, ఆకాశం చూడు!"

నేను చేరేసరికి రెమెయి అత్త వెల్లకిలా తేలుతూ దగ్గుతోంది. సింతా అత్త తన బుడగ చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో ఆవిడ పాదం పట్టుకుని వేళ్లను వెనక్కి వంచుతోంది.

"అమ్మా! చంపేస్తావా?"

"ముప్పై ఏళ్లుగా నిలువుకాళ్ల మీద చేపలమ్ముతున్నా. పిక్క పట్టేస్తే ఏం చేయాలో నాకు తెలుసు. కదలకు."

రెమెయి అత్త ఊపిరి చూశాను, పెదవుల రంగు చూశాను. బోర్డు పక్కకు తెచ్చాను. "ఎక్కు అత్తా."

"ఎక్కితే?"

"పందెం అయిపోయినట్టే."

సింతా అత్తే అంది, "ఎక్కవే. ప్రాణం కంటే ఎక్కువా? నేనూ ఇక్కడితో ఆపేస్తాను."

"నువ్వెందుకు ఆపడం?"

"గులాబీ టోపీలు రెండే కదా. నువ్వు లేకుండా మొదటొస్తే, గోడతో పందెం వేసి గెలిచినట్టుంటుంది."

రెమెయి అత్త పాదం కదిపింది. ఇంకోసారి కదిపింది. నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. మొదటి రోజు బుడగలు వదిలాక "మళ్లీ!" అన్నప్పటి చూపది. ఒక్క నిమిషం ఆలోచించాను. నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి, ఊపిరి కుదుటపడింది, నేను చెయ్యందేంత దూరంలో ఉంటాను.

"సరే. కానీ ఇద్దరూ పక్కపక్కనే. నేను చెయ్యెత్తితే మారు మాట్లాడకుండా బోర్డెక్కాలి."

ఇద్దరూ కలిసి బయల్దేరారు. తలలు పైకెత్తి, కప్పల్లా, మెల్లగా. నాలుగో బంతి దగ్గర మలుపు తిరిగేటప్పుడు రెమెయి అత్త అంది, "సింతా, ఒక్కటి అడుగుతా. నిజం చెప్పు. ఆ చీటీలో మోసం చేశారా, లేదా?"

"ఏమో నాకేం తెలుసు! చీటీ తీసింది మా అత్తగారు. ఆవిడ డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు నేను కళ్లు మూసుకున్నా."

"ఎందుకు మూసుకున్నావు?"

"మా అత్తగారు నీకు తెలియదా? చూస్తే సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని!"

రెమెయి అత్త ఫక్కున నవ్వి ఉప్పునీళ్లు మింగేసింది. "నవ్వించకే, ఈసారి నిజంగానే పోతాను!"

"మరి ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా అడిగావా? అడిగితే చెప్పేదాన్నిగా."

"మధ్యలో జనముంటే ఎలా అడగను?"

ఒడ్డు దగ్గర పడుతున్నకొద్దీ హోరు పెరిగింది. మూడో బంతి దగ్గర ఏం జరిగిందో ఒడ్డునున్నవాళ్లకు సరిగ్గా తెలియదు, ఏదో జరిగిందని మాత్రం తెలుసు. బ్యాండు వాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలోకి వచ్చి వాయిస్తున్నారు. ఇంకా యాభై మీటర్లు ఉంది.

సింతా అత్త పక్కకు చూసింది. "కాలెలా ఉంది?"

"బాగానే ఉంది."

"నిజంగా?"

"నిజంగానే."

"అయితే కాచుకో!" అని సింతా అత్త ఒక్క ఊపున ముందుకు దూకింది.

"ఓసి దొంగా!" అని రెమెయి అత్త వెంటపడింది.

నేను చెయ్యెత్తలేదు. ఎత్తినా చూసేవాళ్లెవరు? రెండు గులాబీ టోపీలు నీళ్లు చిమ్ముకుంటూ, రెండు బుడగలు వెనక ఎగిరిపడుతూ వెళ్తున్నాయి. నేను బోర్డు మీద వాళ్ల వెనకే అరుచుకుంటూ వెళ్లాను. ఎవరి పేరు అరిచానో నాకిప్పటికీ తెలియదు. ముప్పై మీటర్ల దగ్గర రెమెయి అత్త అందుకుంది. పది మీటర్ల దగ్గర ఒక చెయ్యి ముందుంది. కాళ్లకు ఇసుక తగిలింది. ఇద్దరూ లేచారు. నీళ్లలోనే అయితే గెలిచేది రెమెయి అత్తే. కానీ గెలుపు గీత ఇసుకలో ఉంది, ఇసుకలో ఆ ఆపరేషన్ మోకాలు మాట వినదు. సింతా అత్త పక్క నుంచి తూలుతూ పరిగెత్తి, ఒకే ఒక్క అడుగు ముందు గీత దాటేసింది.

ఆగలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. గీత దాటాక గానీ తిరగలేదు.

బీచ్ ఊగిపోతోంది. నాకు మాత్రం రెమెయి అత్త బాధపడుతుందేమో అనిపించింది. దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఇసుకలో చతికిలబడి, టోపీ పీకేసి, రొప్పుతూ, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

"చూశావా? ఆగలేదు! నా కోసం ఆగి ఉంటే, జన్మలో మళ్లీ దాని ముఖం చూసేదాన్ని కాదు."

సింతా అత్త వచ్చి పక్కనే కూలబడింది. ఎవరో కాల్చిన కవళ్లు, టమాటా రుద్దిన రొట్టెలు తెచ్చి ఇద్దరి చేతుల్లో పెట్టారు. ఇద్దరూ చెరో చేప తీసి, వాసన చూసి, ఒకరి వంక ఒకరు చూసుకున్నారు.

"ఇవి నీ కొట్టువే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మంగళవారం బజారు నిండిపోయింది. కప్పు సింతా అత్త ఐసు మీద ఉంది. రెమెయి అత్త నేరుగా ఆవిడ ముఖం మీదే తిడుతోంది, ఆవిడ నేరుగా జవాబు చెబుతోంది. కొనడానికి వచ్చినవాళ్లు కాస్త చిన్నబుచ్చుకున్నారట, తమకు పని లేకుండా పోయిందని.

ఆ తర్వాతి సోమవారం సాయంత్రం ఇద్దరూ కలిసి నా దగ్గరికి వచ్చారు. ఉలెగేర్ దగ్గర ఇద్దరు కూర్చునే తెడ్డు పడవ తీసుకున్నారు. నన్ను వెంట రమ్మన్నారు. నేను నా బోర్డు మీద, వాళ్లు పడవలో. ముందు కూర్చున్న సింతా అత్త కుడికి తోస్తే, వెనక కూర్చున్న రెమెయి అత్త ఎడమకు తోసింది. పడవ ఉన్నచోటే మూడు చుట్లు తిరిగింది. తర్వాత ఎలాగో కుదిరింది. పడవలు వెళ్లే దారి వెంబడే బయటికి వెళ్లి, కొండ మలుపు తిరిగి, నిశ్చలంగా ఉన్న కోవలోకి చేరాం. అక్కడ నీళ్లు ముదురు నీలం.

రెమెయి అత్త అంచు మీద నుంచి కిందికి వంగి చూసింది. "ఇవెట్, అడుగు కనబడదేం?"

"ఇక్కడ పన్నెండు మీటర్ల లోతు అత్తా."

ఆవిడ బుడగ తాడు సరిచూసుకుంది. జీవరక్షణ కోటు బిగించుకుంది. ముక్కు మూసుకుంది.

"ఏం చేస్తున్నావే? పడవ తిరగబడుతుంది!" అని సింతా అత్త అరిచేలోపే దభేల్‌మని దూకేసింది. ఒక్క క్షణం నీలిమ తప్ప ఏమీ లేదు. తర్వాత జుట్టంతా ముఖాన పరుచుకుని పైకి వచ్చింది.

"ఎలా ఉంది?" అంది సింతా అత్త, గట్టిగా అంచు పట్టుకుని.

"చల్లగా! కింద ఏమీ లేదు సింతా, ఏమీ లేదు!"

సింతా అత్త తెడ్డు నా చేతికిచ్చింది. "పట్టుకో పిల్లా," అని, కళ్లు మూసుకుని దూకింది.